వంచిన చోట

శెట్టి తూకంలో పెట్టకముందే
మా నాయన తగరం కడ్డీని చెవి దగ్గరికి తెచ్చుకునేవాడు.
బొటనవేళ్లతో మెల్లగా వంచితే
లోపల ఎవరో ఎండు కందికట్టెల మీద నడిచినట్టు
చిటచిట, కిర్రు.
"ఏడ్చింది" అనేవాడు.
అప్పుడే జేబులో చెయ్యి పెట్టేది.

ఒకనాడు వీరభద్రప్ప అంగట్లో
కడ్డీ చెప్పినట్టల్లా వంగింది. ఒక్క మాట లేదు.
"సీసం కలిపినావు శెట్టీ.
ఏడవనిది నాకొద్దు.
జనం పప్పు వండుకునే గిన్నెలకు పూసేది ఇది."
శెట్టి చానాసేపు ఫ్యాను వైపే చూశాడు.

ఆదోని వీధుల్లో మా కొలిమికి గోడలు లేవు.
రోడ్డు పక్క గుంత, తోలు తిత్తి, బొగ్గులు,
జిన్నింగు మిల్లు గేటు కాడ నేను ఏరుకొచ్చిన పత్తి.
గిన్నె కాగినాక నవాసాగరం చల్లితే
తెల్లటి పొగ లేచి కళ్లు మండేవి.
ఆ పొగలోనే తగరం రాచి, పత్తితో గిర్రున తిప్పితే
గిన్నె అడుగున నా మొహం కనిపించేది
కొంచెం వంకరగా.

సొట్టలు తీసేటప్పుడు ఇంకో వింత.
రాగి కొట్టే కొద్దీ మొండికేస్తుంది,
సుత్తినే ఎగరేస్తుంది, ఇంకా కొడితే పగులుతుంది.
కమ్మరి ఎర్రిస్వామి కత్తిని ఎర్రగా కాల్చి
నీళ్లలో ముంచితే గట్టిపడింది గదా అని
నేనూ ఒక రాగి ముక్క కాల్చి ముంచినాను.
చేతిలో పాత తోలుచెప్పు మాదిరి వంగిపోయింది.
అదే నిప్పు, అదే తొట్టి, అవే నీళ్లు.
"దానికీ దీనికీ ఒకటే మందు యాడ పనిచేస్తాదప్పా"
అని నాయన బీడీ ముట్టించుకున్నాడు.
నన్ను బడి మాన్పించమని చెప్పడానికొచ్చి
అరుగు మీద కూర్చున్న పెదనాయనకు
ఆ పొద్దు దొరికిన జవాబు అదొక్కటే.

ఇప్పుడు నేను జూనియర్ కాలేజీ ల్యాబులో అటెండరును.
బీరువా తాళాలు నావి.
కిరోసిన్ సీసాలో సోడియం ఉంటుంది,
లోహమే, కత్తికి జున్ను మాదిరి తెగుతుంది.
తెగిన చోట మెరుపు. పిల్లలు ముందుకు వంగేలోపే మసక.
చిన్న సీసాలో గాలియం.
అరచేతిలో పెట్టుకుంటే కరుగుతుందని పుస్తకం.
ఆదోనిలో అరచెయ్యి దాకా ఎందుకు,
ఫిబ్రవరి పోతే బీరువాలోనే నీళ్లు.
క్లాసు ఉందంటే హైమావతి మేడం
సోడా అంగడికి నన్ను ఐసుగడ్డ కోసం పంపిస్తుంది.

ఒక జనవరి తెల్లారి ఆ సీసా పగిలి కనబడింది.
గడ్డకడితే ఉబ్బుతుందట అది.
ఊరంతా ముడుచుకున్న చలిలో
అదొక్కటే ఒళ్లు విరుచుకుంది.
"తనంతట తానే పగిలినది" అని రిజిస్టరులో రాస్తే
ప్రిన్సిపాల్ సంతకం పెట్టలేదు.

మొన్న నాయన సంచిలో మిగిలిన కడ్డీ తీసుకుపోయి
క్లాసులో వంచాను. ఏడ్చింది.
మేడం చెప్పింది:
లోపలంతా పలుకులు పలుకులుగా ఉంటుంది,
వంచితే వాటి వరుసలు ఒక్క ఉదుటున పక్కకు తిరుగుతాయి,
ఆ చప్పుడు.
ఏడుపు కాదన్నమాట. సర్దుకోవడం.
వెనక బెంచీ రమీజా లేచి
"సర్దుకునేటప్పుడు ఏడవరా మేడం?" అంది.
అందరూ నవ్వారు. గంట కొట్టారు.

సాయంత్రం నాయనకు చెప్పాను.
ఆయన స్టీలు సామాన్ల అంగడికి
రాత్రి కాపలా పోతున్నాడు ఇప్పుడు.
టార్చిలో బ్యాటరీలు మారుస్తూ విన్నాడు.
"చప్పుడు సరే,
వంచిన చోట తాకి చూసినావా?"

చూడలేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ.
అటూ ఇటూ నాలుగుసార్లు వంచి
బొటనవేలు పెట్టాను.
వెచ్చగా ఉంది,
జ్వరం దిగుతున్న పిల్ల నుదురంత.
చెబుదామని తలెత్తితే
ఆయన సైకిలు సందు మలుపు తిరిగింది.